చిన్న డిస్కుల్లో మైకమ్మ గొంతు

ఆ ఇంటికి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పే ఉద్యోగం చేసేది. దాంతో ఊళ్ళో అందరికీ ఆమె మైకమ్మ అయింది. మైకు లేకపోయినా ఆమె గొంతు అంతే. వంటింట్లోంచి ఎవరినైనా కేకేస్తే వీధి మలుపులో సైకిళ్ళు బాగుచేసే అతను పానా కింద పెట్టి తలెత్తేవాడు. చిన్నకోడలు అందుకు పూర్తిగా భిన్నం. నోట్లో నాలుక ఉందో లేదో అన్నట్టుండేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఏం అడిగినా ఎవరికీ వినబడక 'ఆఁ?' అనేవారు. రెండోసారి అడగడానికి సిగ్గుపడి, ఏమీ లేదనేసి ఊరుకునేది. ఇది ఆ చిన్నకోడలి కథ.

ఆమె వచ్చిన కొద్దిరోజులకే వాళ్ళ పెళ్ళి వీడియో చేతికొచ్చింది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. ఒక గులాబీ గిరగిరా తిరిగి విచ్చుకుంటే అందులోంచి పెళ్ళికొడుకు తల బయటికొచ్చింది. పెళ్ళికూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తున్న చోట హుషారైన పాట మోగింది. వరసకు తాతయ్య ఒకాయన తుమ్మబోయి, తుమ్మకముందే నక్షత్రాల్లో కలిసిపోయాడు. అందరూ పడీపడీ నవ్వుతున్నారు. చిన్నకోడలు మాత్రం నవ్వకుండా, ఇంకొంచెం ఆగి తెంపితే బాగుండేదని తనలో తాను గొణుక్కుంది. ఆ మాట పక్కన కూర్చున్న మైకమ్మ చెవిన పడింది.

మర్నాడు మైకమ్మ డ్యూటీ దిగి ఇంటికొచ్చి, ఆ వీడియో తీసిన స్టూడియోకి బయల్దేరింది, తోడికోడల్ని చెయ్యి పట్టుకుని మరీ. స్టూడియో యజమాని మీసం ఉన్నవాడు, మాట పడేవాడు కాదు. మైకమ్మ ఉపోద్ఘాతం ఏమీ లేకుండా మొదలుపెట్టింది.

"మీరు ఇంకొంచెం ఆగి తెంపాల్సిందంటోంది మా చిన్నది. దీనికి కంప్యూటరు రాదు, నోరు కూడా లేదు. కానీ కన్నుంది. పని నేర్పించండి."

అతను మొహం గంటుపెట్టుకున్నాడు. ఎక్కడ ఆగాలో చూపించమని చిన్నకోడల్నే అడిగాడు. ఆమె వేలితో తెరమీద చూపించింది. అతను తెంపకముందరి అసలు టేపులో ఆ చోటు నాలుగైదుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. తాతయ్య తుమ్మాడు, పక్కనున్న పిల్ల ఉలిక్కిపడింది, పెళ్ళికూతురు కన్నీళ్ళ మధ్యలో నవ్వింది. అతను రేపట్నుంచి రమ్మన్నాడు.

అలా ఆమె వీడియోలు కూర్చే పనిలో పడింది. ఇంట్లో సణుగుడు లేకపోలేదు. చంటిపిల్ల పుట్టాక అది ఇంకా ఎక్కువైంది. మైకమ్మ తన డ్యూటీని తోడికోడలి పనివేళలకు తగ్గట్టు మార్పించుకుని పిల్లను చూసుకుంది. సణిగేవాళ్ళ సంగతి కూడా ఆమే చూసుకుంది. ఆవిడ గొంతు ముందు సణుగుడు ఎంతసేపు నిలుస్తుంది?

పనిలో చేరిన కొన్నేళ్ళకు స్టూడియోలో ఒక కెమెరా మూలన పడింది. అరచేతిలో పట్టేంత చిన్న డీవీడీల మీద నేరుగా రికార్డు చేసే రకం. అప్పటికి అందరూ కార్డు కెమెరాల్లోకి మారిపోవడంతో, ప్రాక్టీసుకి ఉంచుకోమని యజమాని దాన్ని మిగిలిన డిస్కులతో సహా ఆమెకిచ్చేశాడు. ఆమె ఇంట్లో కంటికి కనబడిందల్లా తీసింది. పాకుతున్న పిల్ల, కిటికీ ఊచల మీద ఆరేసిన సాక్సులు, బూట్లు పాలిష్ చేసుకుంటున్న బావగారు. మైకమ్మ మాత్రం దొరికేది కాదు. మైకు వెనక కూర్చునే మనిషికి కెమెరా ముందు నిలబడటం నామోషీ. ఆ డబ్బా నా మొహం మీద పెట్టకు అని తప్పుకునేది. తప్పుకునేది మనిషేగానీ గొంతు కాదు. ఎవర్ని తీసినా వెనక ఆమె గొంతు పడుతూనే ఉండేది. ఒకరోజు కెమెరా కింద పడి చచ్చిపోయింది. డిస్కులన్నీ ఒక స్టీలు డబ్బాలోకి, డబ్బా అటక మీదికి వెళ్ళిపోయాయి. ఆ సంగతే అందరూ మర్చిపోయారు.

ఆ తర్వాత స్టూడియో మూతపడింది. చిన్నకోడలు ఇంటి ముందుగదిలోనే కంప్యూటరు పెట్టుకుని, నాలుగు స్టూడియోల పని తెచ్చుకుని చేసేది. ఆమె కూతురు కాలేజీకి వచ్చింది. మైకమ్మ రిటైరవడానికి కొంచెం ముందు, ఆమె గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. అరిచీ అరిచీ అరిగిపోయిందని ఆమే జోకు వేసింది. వేడినీళ్ళతో పుక్కిలించింది. బొంగురు తగ్గలేదు సరికదా, మింగడం కష్టమైంది. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ గొంతులోకి గొట్టం పెట్టి చూసి, కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. జబ్బు స్వరపేటికను పట్టుకుంది. పేటిక మొత్తం తీసేస్తే మనిషి బతుకుతుంది. ఊపిరి మెడ కింద చేసే రంధ్రంలోంచి తీసుకోవాలి. మాట ఉండదు.

బావగారు గోడ వైపు తిరిగిపోయారు. మైకమ్మ మాత్రం, బతుకుతాను కదా, తీసేయండి అంది. రోజూ బస్సు వెళ్ళిపోయిందని వేలమందికి చెప్పినదాన్ని, నాకు నేను చెప్పుకోలేనా అని కూడా అంది. అవే ఆమె మామూలుగా మాట్లాడిన చివరి మాటల్లో కొన్ని.

ఆపరేషను బాగా జరిగింది. మనిషి కోలుకుంది. కానీ ఇల్లు కోలుకోలేదు. ఫ్రిజ్ మోటారు ఆగిపోతే వచ్చే నిశ్శబ్దం లాంటిది ఇల్లంతా పరుచుకుంది. ఆమె చప్పట్లు కొట్టి పిలిచేది, గరిటెతో కంచం మీద కొట్టేది. పలక మీద రాసి చూపేది. పలక మీద అన్నీ రాయొచ్చుగానీ తిట్టడం కుదరదు. రాసేలోపు కోపం చల్లారిపోతుంది, చల్లారాక రాయడం దేనికి? ఆసుపత్రి వాళ్ళు మెడకు ఆనించి మాట్లాడే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. దాన్ని ఒకసారి పెట్టుకుని చూసింది. తేనెటీగ మాట్లాడినట్టు వచ్చింది. వెంటనే తీసి సొరుగులో పడేసింది. నెమ్మదిగా పలక రాయడం కూడా మానేసింది. భోజనాల దగ్గర అందరూ కిందికి చూసుకుంటూ తినేవారు.

చిన్నకోడలికి ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది. తను నోరు లేని మనిషి, తన తరఫున ఇన్నేళ్ళూ మాట్లాడిన నోరు ఇప్పుడు మూగపోయింది. ఒకరోజు పొద్దున్న తెరమీద ఎవరిదో పెళ్ళి కూరుస్తుంటే, వెనకనుంచి ఒక ముసలావిడ ఎవర్నో గదమాయిస్తున్న గొంతు వినబడింది. ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. లేచి నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది.

డబ్బా దొరికింది. మొదటి డిస్కును కంప్యూటరు ట్రేలో పెడితే, ఇది ఖాళీ డిస్కు అని చూపించింది. రెండోదీ అంతే. ఎండకు పట్టి చూస్తే రాసిన మేరకు రంగు ముదురుగా, మిగతాది లేతగా, గీత గీసినట్టు తేడా తెలుస్తూనే ఉంది. లోపల ఉంది, పైకి రావడం లేదు. ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ కెమెరాలో డిస్కు నిండాక ముగింపు బటన్ ఒకటి నొక్కాలి. అది నొక్కితేనే డిస్కు మీద విషయసూచిక లాంటిది ఏర్పడి, వేరే యంత్రాలకు చదవడం చేతనవుతుంది. ఇంటి డిస్కులే కదా అని ఆమె ఎప్పుడూ నొక్కలేదు. నొక్కాలంటే కెమెరా కావాలి. కెమెరా చచ్చి ఎన్నో ఏళ్ళయింది.

ఆమె స్టూడియో యజమానికి ఫోను చేసింది. అతనిప్పుడు కొడుకు హార్డువేరు కొట్లో కూర్చుని మేకులు, తాళాలు అమ్ముతున్నాడు. మీసం తెల్లబడింది. విషయం మొత్తం విన్నాడు. అలాంటి కెమెరాలు ఇప్పుడు ఎవరి దగ్గరా ఉండవని చెప్పి పెట్టేశాడు. కానీ ఆ వారమంతా కొట్టు వదిలేసి, పాత తోటి ఫొటోగ్రాఫర్ల ఇళ్ళన్నీ తిరిగాడు. ఆఖరికి ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారి బీరువాలో అదే కంపెనీ కెమెరా దొరికింది. దాని బ్యాటరీ ఉబ్బిపోయి పనికిరాకుండా పోతే, నేరుగా కరెంటుకు తగిలించే తీగను తనే వెతికి తెచ్చాడు. కెమెరాను తువాలులో చుట్టి తెచ్చి బల్ల మీద పెడుతూ, మైకమ్మ గొంతు వినకుండా ఈ ఊళ్ళో నేను ఒక్క బస్సు కూడా ఎక్కలేదమ్మా అన్నాడు.

ఒక్కో డిస్కూ అందులో పెట్టి ముగింపు బటన్ నొక్కారు. కెమెరా గరగరమంటూ ఆలోచించేది. అది ఆగేదాకా ఇద్దరూ దాన్ని ముట్టుకోకుండా, వేడెక్కిన పాలను చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నారు. గీతలు పడ్డ ఒక డిస్కు ఎంతకీ లొంగలేదు. దాన్ని పక్కన పెట్టేశారు. మిగతావన్నీ కంప్యూటరులో తెరుచుకున్నాయి.

ఆ ఫైళ్ళను ఆమె వీడియో కూర్చే సాఫ్టువేరులోకి లాగింది. బొమ్మ వచ్చింది. పిల్ల పాకుతోంది. చేతులు చకచకా కదిలిన చోటల్లా దువ్వెన పళ్ళలాంటి గీతలు, వాటిని పోగొట్టడం ఆమెకు పెద్ద లెక్క కాదు. బావగారి బూట్లు, కిటికీ ఊచలు, సాక్సులు, అన్నీ ఉన్నాయి. గొంతు లేదు. శబ్దం ఉండాల్సిన వరస ఖాళీగా, సాపుగా ఉంది. పిల్ల తల తిప్పి వంటింటి వైపు చూస్తోంది, ఎవరో పిలిచినట్టే. పిలిచిన పిలుపు లేదు.

ఆమెకు ఏడుపొచ్చింది. కెమెరాలో మైకు మొదట్నుంచీ పాడైందేమో, ఇన్నాళ్ళూ మూగబొమ్మలే తీసిందేమో అనుకుంది. స్టూడియో ఆయన ఆమె భుజం పక్కనుంచి తెరవైపు వంగి చూశాడు. ఇదే ఫైలు మామూలు ప్లేయరులో పెట్టి చూశావా అని అడిగాడు. లేదు. పెట్టింది.

"ఆ డబ్బా పక్కన పెట్టి వచ్చి తిను. చల్లారిపోతోంది."

గది దద్దరిల్లింది. స్పీకరు ఎప్పట్లాగే పెద్దగా పెట్టి ఉంది. వీధిలో ఎవరిదో సైకిలు ఆగిన చప్పుడైంది. చిన్నకోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. స్టూడియో ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

గొంతు డిస్కులోనే ఉంది. డీవీడీ శబ్దాన్ని దాచే పద్ధతి ఆమె సాఫ్టువేరుకు అర్థం కాలేదు, అంతే. శబ్దాన్ని వేరే రకంలోకి మార్చి, బొమ్మ పక్కన మళ్ళీ తెచ్చి అతికితే సరిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. డిస్కు వీడియోను ముక్కలుగా దాస్తుంది. ముక్కల్ని విడివిడిగా లాక్కొస్తే, అతుకు దగ్గర మాట సగంలో తెగి 'అన్నానికి ర' దగ్గర ఆగిపోతోంది. అన్ని ముక్కల్నీ ముందు ఒక్కటిగా కలిపి, అప్పుడు లోపలికి తెచ్చింది. ఈసారి 'రండి' కూడా వచ్చింది. తెరమీద సాపుగా ఉన్న వరసలో కొండలు లేచినట్టు గీతలు లేచాయి. మామూలు మనుషుల మాటలు చిన్న గుట్టలు. మైకమ్మవి మాత్రం గీత దాటి పైకి పోయే శిఖరాలు.

మైకమ్మను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి వినిపించింది. ఆమె చాలాసేపు కదలకుండా వింది. పిల్లను జోకొట్టడం, పాలవాడితో పేచీ, ఫోనులో ఎవరికో అడ్రసు చెప్పడం, అన్నీ. చిన్నకోడలు ఆమె మొహంలోకి చూడటానికి భయపడి తెరనే చూస్తూ కూర్చుంది. చివరికి పలక మీద సుద్దముక్క గీసుకున్న చప్పుడు వినబడింది. 'ఇంతలా అరిచేదాన్నా?' అని ఉంది అక్కడ. ఇద్దరూ నవ్వారు. ఆపరేషను తర్వాత మైకమ్మ నవ్వడం అదే మొదలు. చప్పుడు లేకుండా, భుజాలు ఊగేలా నవ్వింది.

ఆ తర్వాత వచ్చిన ఆలోచన ఎవరిదో ఇద్దరూ చెప్పలేరు. ఒక పాత టాబ్లెట్టులో పెద్ద పెద్ద బటన్లు పెట్టి, ఒక్కో బటన్ వెనక మైకమ్మ మాట ఒకటి దాచింది చిన్నకోడలు. ఫ్యాను ఆపు. చెప్పులు బయట. గ్యాసు కట్టేశావా. ఎవరది? తడి టవల్ మంచం మీద వేసిందెవరు? మాటను వెనకున్న రొదలోంచి విడదీయడం, ముందూ వెనకా ఊపిరి తెగకుండా కత్తిరించడం ఆమెకు పెళ్ళిళ్ళలో చేతికొచ్చిన విద్య. మైకమ్మ పక్కన కూర్చుని వేలితో చూపించేది, అది కాదు, దాని తర్వాతిది. అన్నిటికంటే ముందు ఆమె అడిగింది 'ఏమండీ' అన్న మాటను. డిస్కుల నిండా ఏమండీలే. కోపంగా ఒకటి, బతిమాలుతూ ఒకటి, ఏదో పోగొట్టుకుని వెతుకుతూ ఒకటి, ఊరికే ఉన్నారా లేరా అని చూడటానికి ఒకటి. ఆ ఊరికే అన్నదాన్నే పెట్టమంది.

బావగారికి ఈ సంగతేమీ తెలియదు. ముందు వసారాలో కూర్చుని గొడుగు ఊచ సరిచేసుకుంటున్నారు. మైకమ్మ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పక్కన టాబ్లెట్టు పెట్టుకుని బటన్ నొక్కింది.

"ఏమండీ."

"ఆఁ, వస్తున్నా," అన్నారాయన. గొడుగు పక్కన పెట్టి, లేచి, నాలుగడుగులు వేసి వంటింటి గడప దగ్గర ఆగిపోయారు. అప్పుడు గాని ఆయనకు తెలియలేదు తను దేనికి పలికారో. ఆమె చేతిలోని టాబ్లెట్టు వైపు, ఆమె మెడ కింద రంధ్రాన్ని కప్పిన చిన్న గుడ్డ వైపు మార్చి మార్చి చూశారు. గడప మీదే కూర్చుండిపోయారు.

"ఇంకోసారి పిలువు," అన్నారు.

ఆమె పిలిచింది. ఆయన పలికారు. చిన్నకోడలు చప్పుడు చేయకుండా ముందుగదిలోకి వచ్చేసింది. వాళ్ళిద్దరి మధ్యా ఎన్ని పిలుపులు, ఎన్ని పలుకులు జరిగాయో ఆమె లెక్కపెట్టలేదు.

సాయంత్రం మైకమ్మ వచ్చి కంప్యూటరు పక్క కుర్చీలో కూర్చుంది. తోడికోడలి తలమీద చెయ్యి వేసి, పలక మీద, 'నా గొంతు నాకు ఇచ్చావే' అని రాసింది. సామాన్యంగా చిన్నకోడలు ఇలాంటి చోట తల దించుకుని ఊరుకునే మనిషి. ఆ రోజు ఊరుకోలేదు.

"నీదే కదక్కయ్యా. స్టూడియోలో ఆ రోజు నువ్వు నోరు తెరిచి అడక్కపోతే, ఇవాళ ఇది తవ్వి తీయడం నాకు తెలిసేదా? నేను అన్నం తింటున్నది నీ గొంతు మీదే. ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని ఉండేది."

మైకమ్మ పలక తుడిచి, కళ్ళు కూడా తుడుచుకుని, మళ్ళీ రాసింది. 'సరే. ఆ చెప్పులు బయట అన్నది కొంచెం గట్టిగా వచ్చేట్టు చెయ్యి. మీ ఆయనకు వినబడటం లేదు.'

ఇల్లు మళ్ళీ మోగడం మొదలైంది. చిన్నకోడలి భర్త చెప్పులు బయటే విడిచాడు. టవళ్ళు తాడెక్కాయి. అయితే పాత మాటలతో కొత్త సంగతులు చెప్పడం కుదరదు. చిన్నకోడలి కూతురు కాలేజీలో తనకు నచ్చిన చదువు గురించి పెద్దమ్మ సలహా అడిగినప్పుడు, మైకమ్మ బటన్లన్నీ వెతికింది. గ్యాసు కట్టేశావా అన్నది అక్కడ పనికొచ్చే సలహా కాదు. ఆమె కాసేపు ఆలోచించి, లేచి వెళ్ళి సొరుగు తెరిచింది. తేనెటీగ యంత్రాన్ని తీసి మెడకు ఆనించుకుంది. ఒక్కో ముక్కా పట్టి పట్టి, నీ కన్ను ఎటు పోతే అటు పో అంది. పిల్లకు మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అయింది. అప్పట్నుంచీ మైకమ్మ ఆసుపత్రిలో మాట నేర్పే టీచరు దగ్గరికి వెళ్ళి ఆ యంత్రం వాడకం శ్రద్ధగా నేర్చుకుంది. మనుషులను పిలవడానికి, కేకలెయ్యడానికి పాత గొంతు, మాట్లాడటానికి తేనెటీగ. నాకు రెండు గొంతులున్నాయి, మీకు ఒక్కటే కదా అనేది.

డాక్టరమ్మ ఇదంతా విని ఊరుకోలేదు. అదే జబ్బుతో వచ్చినవాళ్ళకు చిన్నకోడలి ఇంటి అడ్రసు చెప్పడం మొదలుపెట్టింది. ఆపరేషను అయిపోయినవాళ్ళు పెళ్ళి డీవీడీలు, పుట్టినరోజు డిస్కులు పట్టుకొచ్చేవారు. ఆమె వాటిలోంచి గొంతులు వెతికి తీసేది. వాళ్ళు ఆమె చేతులు పట్టుకుంటే ఏం చెయ్యాలో తెలియక, కాఫీ తాగి వెళ్ళండి అనేది.

ఇంకా ఆపరేషను కానివాళ్ళు కూడా వచ్చేవారు, గొంతు ఉండగానే దాచుకోవడానికి. మొన్న కూరగాయల మార్కెట్టులో వేలం కేకలు వేసే మేస్త్రీ ఒకతను వచ్చాడు, భార్యతో కలిసి. చిన్నకోడలు మైకు సరిచేసి, ఇంట్లో రోజూ అనే మాటలేవైనా చెప్పమంది. అతను చొక్కా గుండీ పెట్టుకుని, కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు, నీళ్ళు ఇవ్వుము, తలుపు తీయుము అన్నాడు. చిన్నకోడలు ఇరుకునపడి తోడికోడలి వైపు చూసింది. మైకమ్మ యంత్రం మెడకు పెట్టుకుంది.

"ఇలా కాదు బాబూ. ముందు ఆవిడ్ని ఏదైనా అనండి."

ఏమనమంటారని అతను తడబడ్డాడు. ఆయన నన్ను ఎప్పుడేమన్నారు గనక అని భార్య అందుకుంది. అనలేదా అన్నాడతను. ఎక్కడన్నారు, ఇంటికొచ్చాక ఆ వేలంపాట గొంతు ఎక్కడ పెట్టేస్తారో నాకు ఇప్పటికీ తెలియదు అంది ఆమె. అతను మైకు సంగతి మర్చిపోయి ఆమె వైపు తిరిగాడు. మొన్న తలుపుకి తాళం వెయ్యకుండా వచ్చిందెవరన్నాడు. ఆ తాళంచెవి మీ జేబులోనే ఉంది కదా అంది. ఒకటి మీద ఒకటి వస్తూనే ఉన్నాయి. గుండీ ఊడింది, గొంతు లేచింది, మధ్యలో నవ్వు కూడా వచ్చింది. తెరమీద కొండలు బారులు తీరుతున్నాయి.

కాసేపటికి అతను ఊపిరి పీల్చుకోవడానికి ఆగి, సరిపోతుందా అమ్మా అని అడిగాడు. చిన్నకోడలి చెయ్యి ఆపే బటన్ వైపు వెళ్ళింది. మైకమ్మ ఆ చేతిమీద తన చెయ్యి వేసి ఆపింది. అతని భార్య ఇంకా ఏదో చెప్పబోతోంది.